కర్ఫ్యూలో యెస్ మినిస్టర్

మా నాన్న ఆఫీసు సంగతులు ఇంట్లో మాట్లాడేవారు కాదు. సాయంత్రం ఆరున్నరకి సైఫాబాద్ సచివాలయం నుంచి బస్సులో మలక్‌పేట క్వార్టర్స్‌కి వచ్చేవారు. చెప్పులు విడిచి, జేబులోంచి పెన్ను తీసి అల్మారా మీద పెట్టి, కాళ్ళు కడుక్కునేవారు. కాఫీ ఇస్తూ అమ్మ "ఇవాళ ఏమిటండీ విశేషాలు" అని అడిగితే "ఏముంటాయి, ఫైళ్ళే" అనేవారు. నాకు పద్నాలుగేళ్ళు వచ్చేదాకా నాన్న ఉద్యోగం గురించి నాకు తెలిసింది ఆ ఒక్క మాటే. గుంటూరు కలెక్టరేట్‌లో ఎల్డీసీగా, అంటే కింది స్థాయి గుమాస్తాగా చేరి, పరీక్ష రాసి సచివాలయానికి వచ్చి, సెక్షన్ ఆఫీసర్ దాకా ఎదిగిన మనిషి. ఆయన పగలంతా ఏం చేస్తారో ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆయన నోరు విప్పింది 1990 డిసెంబరులో. విప్పించింది ఇంగ్లండు వాళ్ళ టీవీ కామెడీ ఒకటి.

మా మావయ్య ఇంగ్లండులోని లెస్టర్‌లో ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరు. రెండేళ్ళకోసారి డిసెంబరులో వచ్చేవాడు. ఆ సారి సూట్‌కేసు అడుగున స్వెట్టర్లలో చుట్టి నాలుగు వీడియో టేపులు తెచ్చాడు. మూడేసి గంటల టేపులు, ఒక్కోదాంట్లో ఆరేసి ఎపిసోడ్లు. బీబీసీలో వచ్చినప్పుడు తనే రికార్డు చేసుకున్నవి. పక్కన అతికించిన తెల్ల కాగితాల మీద డాక్టరు రాతలో 'యెస్ మినిస్టర్ 1, 2', 'యెస్ ప్రైమ్ మినిస్టర్ 1, 2' అని ఉంది. "బావగారూ, ఇవి మీ కోసమే. మీరు చూసి తీరాలి" అన్నాడు. మా పిన్నిగారబ్బాయి అమెరికా నుంచి తెచ్చిన టేపు అంతకు ముందు ఏడాది మన దగ్గర అసలు ఆడలేదు. అక్కడి టీవీ పద్ధతి వేరు. ఇంగ్లండుదీ మనదీ ఒకటే పాల్ పద్ధతి కాబట్టి ఇవి ఆడతాయని మావయ్య ముందే కనుక్కుని వచ్చాడు.

మాకు ఈసీఐఎల్ వాళ్ళ ఈసీ టీవీ ఉండేది కానీ టేపులు ఆడించే వీసీపీ లేదు. పాతబస్తీ వైపు ఉన్న ఒక వీడియో షాపులో ఒక్క రాత్రికని అద్దెకి తెచ్చాం. ఆ ఒక్క రాత్రి చాలా రోజులైంది. అప్పుడే నగరంలో మతకల్లోలాలు మొదలయ్యాయి. పాతబస్తీలో కర్ఫ్యూ పెట్టారు. స్కూళ్ళు మూసేశారు. గుంటూరు వెళ్ళాల్సిన మావయ్య మా దగ్గరే ఆగిపోయాడు. పాలవాడు రాని రోజులవి. రాత్రిపూట దూరంగా ఏ చప్పుడు విన్నా అమ్మ కిటికీ తలుపు వేసేసేది. నాన్నమ్మ దేవుడి గదిలోంచి లేచేది కాదు. ఆ టెన్షన్‌లో, ఆ మూసుకున్న తలుపుల వెనక, మేం ఐదుగురం ఇరవై నాలుగు ఎపిసోడ్లు చూశాం. కొన్ని మూడేసి సార్లు.

మొదట వచ్చే బొమ్మల్ని గీసింది జెరాల్డ్ స్కార్ఫ్ అనే కార్టూనిస్టు. పొడుగాటి ముక్కులు, వేలాడే గడ్డాలు. వెనక సంగీతం లండన్‌లోని బిగ్ బెన్ గడియారం గంటల బాణీ. నాన్నమ్మ గుమ్మంలోంచి చూసి "ఆ ముక్కేమిటే తల్లీ, అది మనిషేనా" అంది. "మంత్రిగారు నాన్నమ్మా" అన్నాను. తర్వాత మెల్లిగా వచ్చి కుర్చీలో కూర్చుంది. మళ్ళీ లేవలేదు.

చూడనివాళ్ళ కోసం రెండు మాటలు. ఆంటొనీ జే, జొనాథన్ లిన్ ఇద్దరూ కలిసి రాశారు. 1980 నుంచి 1984 దాకా యెస్ మినిస్టర్, 1986 నుంచి 1988 దాకా యెస్ ప్రైమ్ మినిస్టర్. జిమ్ హ్యాకర్ అనే రాజకీయ నాయకుడు మంత్రి అవుతాడు, తర్వాత ప్రధాని అవుతాడు. సర్ హంఫ్రీ ఆపిల్‌బీ ఆయన శాఖ కార్యదర్శి. ఇద్దరి మధ్యా నలిగిపోయే ప్రైవేటు సెక్రటరీ బెర్నార్డ్. మన భాషలో చెప్పాలంటే మంత్రిగారు, ప్రిన్సిపల్ సెక్రటరీ, పేషీలో పీఎస్. హ్యాకర్‌ది ఏ పార్టీయో చివరిదాకా చెప్పరు. నాన్న మొదటి రోజే ఆ సంగతి పట్టేశారు. "పార్టీ పేరు చెప్పలేదు చూశావా? అవసరం లేదు కనక చెప్పలేదు" అన్నారు.

మొదటి ఎపిసోడ్‌లోనే కుర్చీల మాట ఒకటి వస్తుంది. మంత్రులకి రెండు రకాల కుర్చీలుంటాయట, ఒకటి ఇట్టే మడతపడిపోయేది, రెండోది ఉన్నచోటే గిరగిరా తిరిగేది. మావయ్య తెలుగులో చెప్పేలోపే నాన్న పకపకా నవ్వేశారు. ఆయన అంత గట్టిగా నవ్వడం నేను అదివరకు చూడలేదు. వంటింట్లోంచి అమ్మ గరిటెతోనే వచ్చేసింది.

ఒక విషయం నన్ను ఆ వయసులోనే ఆశ్చర్యపరిచింది. నాన్న ఇంగ్లీషు రాయడంలో దిట్ట. కానీ దొరల యాస చెవికి ఎక్కేది కాదు. హ్యాకర్ గబగబా అనే చిన్న చిన్న మాటలు అర్థంకాక మావయ్య వైపు చూసేవారు. అదే హంఫ్రీ ఊపిరి తీసుకోకుండా అరనిమిషం పాటు ఒకే వాక్యం మాట్లాడితే, లెస్టర్‌లో ఎన్నో ఏళ్ళుగా ఉంటున్న మావయ్య తడబడేవాడు, నాన్న మాత్రం తల ఊపుతూ వినేవారు. అయిపోగానే మాకు మూడు ముక్కల్లో చెప్పేవారు, "కుదరదంటున్నాడు. కానీ కుదరదని తను అన్నట్టు ఎక్కడా ఉండకూడదు." మావయ్య నోరెళ్ళబెట్టేవాడు. "మీకెలా తెలిసింది బావగారూ?" "అది ఫైలు భాషయ్యా. ఇరవై ఏళ్ళుగా నేను రాస్తున్నది అదే."

అలా మొదలైంది.

'బిగ్ బ్రదర్' అనే ఎపిసోడ్ ఉంది, 1980లో వచ్చింది. దేశంలో ప్రతి మనిషి వివరాలూ ఒకే కంప్యూటర్ వ్యవస్థలోకి ఎక్కించే పథకం. ఆ వివరాల్ని అధికారులు ఇష్టమొచ్చినట్టు వాడుకోకుండా పౌరులకి రక్షణ కావాలని, తన గురించి ఏం రాసుకున్నారో చూసుకునే హక్కు ప్రతివాడికీ ఉండాలని హ్యాకర్ అడుగుతాడు. అడిగిన ప్రతిసారీ హంఫ్రీ 'తప్పకుండా మినిస్టర్' అంటాడు. పని మాత్రం అంగుళం కదలదు. చివరికి హ్యాకర్ తనకి ముందు ఆ కుర్చీలో కూర్చున్న అవతలి పార్టీ మాజీ మంత్రిని రహస్యంగా కలుస్తాడు. ఆ పెద్దమనిషి చెప్తాడు, అధికారులు ఒక పనిని ఎలా మురగబెడతారో, వరసగా ఒక్కో మెట్టూ. కొత్త ప్రభుత్వం కదా, ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి అంటారు. తర్వాత ఉద్దేశం మంచిదే కానీ దారి ఇదేనా అంటారు. ఆ తర్వాత ఇది సమయం కాదంటారు. ఆపైన సాంకేతికంగా, చట్టపరంగా చిక్కులున్నాయంటారు. అప్పటికి ఎన్నికలు వచ్చేస్తాయి.

అక్కడ నాన్న లేచి వీసీపీ దగ్గరికి వెళ్ళి పాజ్ నొక్కారు. తెర మీద ఆ ఇద్దరి ముఖాలూ తెల్ల గీతల మధ్య వణుకుతూ ఆగిపోయాయి. నా లెక్కల నోట్‌బుక్ లాక్కుని చివరి పేజీలో ఒక నిచ్చెన గీశారు. అట్టడుగున ఒక చిన్న గడి గీసి 'పీయూసీ' అని రాశారు, అంటే పరిశీలనలో ఉన్న కాగితం. దాని మీద అసిస్టెంట్, సెక్షన్ ఆఫీసర్, అసిస్టెంట్ సెక్రటరీ, డిప్యూటీ సెక్రటరీ, ఆ పైన కార్యదర్శి, చిట్టచివర మంత్రిగారి పేషీ.

"అమ్మలూ, ఇది పైకి ఎక్కుతుంది. ఎక్కేటప్పుడు దీన్ని ఆపాలంటే ఎవడూ వద్దని రాయక్కర్లేదు. 'ప్లీజ్ డిస్కస్' అని రెండు మాటలు రాస్తే చాలు, కిందికి దిగిపోతుంది. పూర్వం ఇలాంటిదేదైనా ఉందేమో చూసి పెట్టండి అంటే ఇంకో నెల. ఆర్థిక శాఖ అభిప్రాయం అడిగితే ఇంకో మూడు నెలలు. ఎవరూ అబద్ధం ఆడలేదు, ఎవరూ తప్పు చేయలేదు. కాగితం మాత్రం కదల్లేదు."

ఆ పేజీ తర్వాత చాలా ఏళ్ళు దాచుకున్నాను.

"మరి నువ్వూ అలా రాస్తావా నాన్నా?" అని అడిగాను. అమ్మ నా వైపు గుడ్లురిమింది. నాన్న కోప్పడలేదు. కాసేపాగి, చెప్పడం మొదలుపెట్టారు. దేవాలయాల వ్యవహారాలు చూసే సెక్షన్‌లో ఉన్నారప్పుడు. ఒక చిన్న ఊరి అర్చకుడు పోస్టుకార్డు రాశాడట. 'మహారాజశ్రీ గౌరవనీయులైన' అంటూ సగం కార్డు సంబోధనకే సరిపోయింది. మిగతా సగంలో, తనకి రావాల్సిన పాత బకాయి సంగతి, కూతురి పెళ్ళి ముహూర్తం సంగతి. ఆ కార్డు చుట్టూ ఒక ఫైలు తయారైంది. ముహూర్తం తేదీ నాన్న కంట్లో పడింది. ఆ రోజు భోజనాల వేళ క్యారేజీ విప్పకుండా ఆ ఫైలు చంకన పెట్టుకుని ఒక్కో గదికీ తనే నడిచారట. ప్రతి బల్ల దగ్గరా నిలబడి సంతకం పెట్టించుకుని, మళ్ళీ చేత్తో పట్టుకుని పైకి. ఏడు బల్లలు. సాయంత్రానికి ఉత్తర్వు టైపయింది.

"హంఫ్రీకి వచ్చిన విద్య నాకూ వచ్చురా. ఆపడానికీ అదే విద్య, దాటించడానికీ అదే విద్య" అన్నారు.

నాకు అప్పటిదాకా నాన్నంటే జేబులో పెన్నుతో వచ్చే మనిషి. ఆ రాత్రి ఏడు బల్లలు ఎక్కిన మనిషి అయ్యారు. మావయ్య ఏమీ అనకుండా వెళ్ళి పాజ్ తీశాడు.

'బిషప్స్ గాంబిట్' ఎపిసోడ్ మా ఇంట్లో అందరికంటే నాన్నమ్మని ఎక్కువ కదిలించింది. బరీ సెంట్ ఎడ్మండ్స్ అనే చోట బిషప్ పదవి ఖాళీ అవుతుంది. అప్పట్లో ఇంగ్లండులో చర్చి వాళ్ళు రెండు పేర్లు పంపితే అందులో ఒకటి ఎంచి రాణిగారికి సిఫారసు చేయాల్సింది ప్రధానమంత్రి. ఆ పేర్ల వెనక ఎవరికి ఎవరు కావాలి, ఎవరి కాలేజీలోంచి ఎవరిని వదిలించుకోవాలి అన్నదే కథంతా. కొత్తగా కట్టే ఒక చర్చి ప్లాను చూపిస్తారు. ఆరెంజ్ జ్యూస్ ఇవ్వడానికి చోటుంది, కుటుంబ నియంత్రణ సలహాలకి చోటుంది, నిరసన ప్రదర్శనలు నడపడానికి చోటుంది. అసలు ఆరాధన అయిన ప్రభు భోజన సంస్కారానికి మాత్రం చోటు లేదు.

నాన్నమ్మ అడిగింది, "దొరల దేశంలో కూడా దేవుడి పనికి మనిషిని సర్కారే వేస్తుందిట్రా?"

నాన్న ఆ ప్రశ్నకి చాలాసేపు జవాబు చెప్పారు. మన రాష్ట్రంలో దేవాలయాల పాలన మీద జస్టిస్ చల్లా కొండయ్య కమిషన్ వేయడం, ఆ తర్వాత 1987 దేవాదాయ చట్టంతో అర్చకుల వంశపారంపర్య హక్కులు, మిరాశీ పోవడం అప్పటికి ఇంకా పచ్చి గాయమే. చట్టం మీద కేసు సుప్రీంకోర్టులో నడుస్తోంది, 1996లో గానీ తేలలేదు. పెద్ద గుడికి ట్రస్ట్ బోర్డు వేయాలంటే పేర్లు ఎక్కణ్ణుంచి వస్తాయో, జాబితా ఎన్నిసార్లు మారుతుందో నాన్న పేర్లేవీ చెప్పకుండా చెప్పారు. "వంశంతో వచ్చే హక్కు వద్దనడం న్యాయమేనమ్మా. ఆ హక్కు పోయినవాడి కూడు సంగతి కూడా అదే ఫైల్లో ఉండాలి కదా" అన్నారు. నాన్నమ్మ పుట్టింటివాళ్ళు అర్చకులే. ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. బయట కర్ఫ్యూ. మతం పేరుతో మనుషుల్ని పొడుస్తున్న రోజుల్లో, మతాన్నీ కుర్చీనీ కలిపి నడిపే వాళ్ళ మీద అంత నిబ్బరంగా నవ్వే నాటకం చూడటం మాకెంత ఊరటగా ఉందో ఇప్పుడు చెప్పడం కష్టం. ఎవర్నీ కొట్టలేదు, ఏ దేవుణ్ణీ తిట్టలేదు. దేవుడి పేరు మీద ఎవరు ఏం కోరుకుంటున్నారో చూపించారు, అంతే.

మావయ్య ఎపిసోడ్ వేరు. 'కంపాషనేట్ సొసైటీ', 1981లోది. సెంట్ ఎడ్వర్డ్స్ అనే కొత్త ఆసుపత్రి. ఐదువందల మందికి పైగా పాలనా సిబ్బంది, పనివాళ్ళు. ఒక్క పేషెంటు లేడు. వార్డులు తళతళ మెరుస్తుంటాయి. పరిశుభ్రతకి బహుమతి వచ్చేలా ఉందని అక్కడి ఆవిడ గర్వంగా చెప్తుంది. మేం విరగబడి నవ్వుతుంటే మావయ్య నవ్వలేదు. ఇంగ్లండు వెళ్ళిన కొత్తలో వారానికి ఎనభై, తొంభై గంటలు డ్యూటీ చేశాడట. వార్డు పక్కనే చిన్న గదిలో బూట్లతోనే పడుకునేవాడట. "మంచం దొరక్క కారిడార్లో పెట్టిన ముసలాళ్ళు గుర్తొస్తారక్కా, ఇది చూసినప్పుడల్లా" అన్నాడు అమ్మతో. ఉత్తరాల్లో ఎప్పుడూ రాయని మాట. నాన్నలాగే తనూ ఇంట్లో ఉద్యోగం గురించి మాట్లాడే మనిషి కాదని అప్పుడర్థమైంది.

నాన్నకి ఇంకో ఆశ్చర్యం. ఇంత ఎగతాళి చేస్తే ప్రభుత్వం ఊరుకుందా అని. అప్పటి ప్రధాని మార్గరెట్ థాచర్‌కే ఇది ఎంతో ఇష్టమైన కార్యక్రమమనీ, 1984లో ఒక సభలో ఆవిడే ఈ నటులతో కలిసి చిన్న నాటిక ఆడిందనీ మావయ్య చెప్పాడు. బీబీసీ జనం కట్టే లైసెన్సు డబ్బుతో నడుస్తుంది. మనకీ ఒకప్పుడు పోస్టాఫీసులో కట్టే టీవీ లైసెన్సు ఉండేది. దూరదర్శన్ మాత్రం నేరుగా ప్రభుత్వం చేతిలోనే ఉండేది. దానికి స్వయంప్రతిపత్తి ఇచ్చే ప్రసార భారతి చట్టం సరిగ్గా ఆ ఏడాదే పార్లమెంటులో పాసైంది. "వస్తుందిలే, మనకీ వస్తుంది" అన్నారు నాన్న. ఆ చట్టం అమల్లోకి రావడానికి 1997 దాకా పట్టింది.

డిసెంబరు 17న ముఖ్యమంత్రి మారారు. చెన్నారెడ్డి గారు దిగిపోయి నేదురుమల్లి జనార్దనరెడ్డి గారు వచ్చారు. రేడియోలో వార్తలు విని నేను పరిగెత్తుకెళ్ళాను. "ఇప్పుడు నీ ఫైళ్ళు ఏమవుతాయి నాన్నా?" నాన్న గడ్డం గీసుకుంటున్నారు. "పైన సంతకం మారుతుంది. కింద ఆ పోస్టుకార్డు మారదుగా" అన్నారు అద్దంలోకి చూస్తూనే.

కర్ఫ్యూ సడలించాక నాన్నా నేనూ వీసీపీ తిరిగివ్వడానికి వెళ్ళాం. దాన్ని పాత దుప్పట్లో చుట్టి రిక్షాలో ఒళ్ళో పెట్టుకున్నాను. షాపు షట్టర్ సగమే తెరిచి ఉంది. నాన్న రోజుల లెక్క కట్టి డబ్బు తీస్తే, షాపాయన ఒక్క రాత్రి కిరాయి తీసుకుని మిగతాది నాన్న చేతిలోనే పెట్టేశాడు. "కర్ఫ్యూ కా కిరాయా క్యా లేనా సాబ్" అన్నాడు. లోపల్నుంచి చాయ్ తెప్పించాడు. ఇద్దరూ నిలబడి తాగారు. ఏం సినిమాలు చూశారని అడిగితే నాన్న మంత్రుల కథ చెప్పారు, హైదరాబాదీ ఉర్దూలో, హంఫ్రీ లాగా చేతులు కట్టుకుని మరీ. ఆయన నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు.

2001లో స్టార్ ప్లస్‌లో 'జీ మంత్రీజీ' పేరుతో ఇదే కథ హిందీలో వచ్చింది. ఫారూఖ్ షేక్ మంత్రి. అప్పటికి నాన్న రిటైరై రెండేళ్ళు. ఒక్క ఎపిసోడ్ వదల్లేదు. ఫారూఖ్ షేక్ మెత్తదనం ఆయనకి నచ్చింది కానీ, హంఫ్రీ వాక్యం ఇంగ్లీషులో తప్ప పండదన్నారు. నాకూ అదే నిజమనిపిస్తుంది. ఆ భాషలోనే మన ఫైళ్ళు పుట్టాయి. లోపలివాళ్ళు ఎవరో చెప్పకపోతే బయటివాళ్ళు ఇలా రాయలేరని 1990లోనే నాన్న పందెం కాశారు. ఇంటర్‌నెట్ వచ్చాక నేను చదివి చెప్పాను, రచయితలు రిచర్డ్ క్రాస్‌మన్ అనే మంత్రి డైరీలు వాడుకున్నారనీ, ప్రధాని కార్యాలయంలో పనిచేసినవాళ్ళని అడిగి తెలుసుకున్నారనీ. ఆయన ముఖం వెలిగిపోయింది. "చెప్పలేదూ!" అన్నారు అమ్మతో.

ఆధార్ తీయించడానికి నాన్నని నేనే తీసుకెళ్ళాను. డెబ్భై ఏళ్ళ చేతులు, వేలిముద్రలు అరిగిపోయాయి. మిషన్ పట్టడం లేదు. ఆ కుర్రాడు తడిగుడ్డతో ఒక్కో వేలూ తుడిచి, తన చేత్తో మెల్లిగా నొక్కి, నాలుగోసారికి పట్టించాడు. బయటికొచ్చాక నాన్న ఆ వేళ్ళు చూసుకుంటూ అన్నారు, "హ్యాకర్ అడిగింది గుర్తుందా? మన గురించి ఏం రాసుకున్నారో మనం చూసుకునే హక్కు. అదెవరైనా అడుగుతున్నారా?" పింఛను కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే విధవల్ని జీవితమంతా చూసిన మనిషి, ఒక్క నంబరుతో వాళ్ళ పని తేలిపోతే అంతకన్నా కావలసిందేముంది అనేవారు. ఆ హక్కు కూడా కావాలనేవారు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని తీర్పిచ్చిన రోజు, ఫోన్ తీసి నాన్న నంబరు దాకా వెళ్ళి ఆగాను. ఆయన పోయి అప్పటికి ఏడాది.

టేపులకి బూజు పట్టింది. నాలుగూ ఉన్నాయి, మావయ్య రాతతో సహా, ఆడే మిషనే లేదు. నాన్న రిటైరైనప్పుడు సెక్షన్ వాళ్ళు ఇచ్చిన గోడ గడియారం మాత్రం మా హాల్లో ఇంకా నడుస్తోంది. గంట గంటకీ అది కొట్టేది ఆ బిగ్ బెన్ బాణీయే. ఇచ్చినవాళ్ళకి ఆ సంగతి తెలియదు. ఇంటికి తెచ్చి మేకుకి తగిలించిన రోజు, ఆరు గంటలకి మొదటిసారి మోగింది. నాన్న సుత్తి చేత్తో పట్టుకునే ఆగిపోయి, నా వైపు తిరిగి, నడుం కొంచెం వంచి, "యెస్, మినిస్టర్" అన్నారు. తర్వాత ఉన్నన్నాళ్ళూ సాయంత్రం ఆరు కొట్టినప్పుడు ఇంట్లో ఎవరో ఒకరం ఆ మాట అనేవాళ్ళం. ఇప్పుడు మా అబ్బాయి అంటున్నాడు.